శ్రీశైలం పాత కాలిదారిని ముందు కొలవండి

సంపాదకులకు నమస్కారం.

శివరాత్రి దగ్గరపడితే మీ జిల్లా పేజీలో ఏటా ఇంచుమించు ఒకే ఫొటో వస్తుంది. భుజాన సంచి, చేతిలో కర్ర, కాళ్లకు చెప్పుల్లేని జనం నల్లమలలో వరసగా నడుస్తుంటారు. కింద రెండు లైన్ల వార్త. పక్క కాలమ్‌లో అధికారుల సమీక్ష: తాగునీటి ట్యాంకర్లు, వైద్య శిబిరాలు, అన్నదానాలు, అడవిలో నిప్పు రాజేయొద్దని హెచ్చరిక. ఉగాదికి కన్నడ భక్తులు వచ్చినప్పుడు మళ్లీ అదే హడావుడి. ఆ రెండు పండగలూ దాటిపోయాక ఆ దారి సంగతి ఎవరూ ఎత్తరు. నేను రాస్తున్నది ఆ మిగతా నెలల గురించి.

దారి ఏదో తెలియని పాఠకుల కోసం చెబుతాను. ఆత్మకూరు నుంచి వెంకటాపురం మీదుగా అడవిలోకి దిగి, నాగలూటి వీరభద్రుడి గుడి, పెచ్చెరువు, మఠంబావి, భీమునికొలను దాటి కైలాసద్వారం ఎక్కి, హఠకేశ్వరం మీదుగా శ్రీశైలం చేరే కాలిదారి ఇది. దోర్నాల ఘాట్ రోడ్డు పడకముందు పడమటి నుంచి వచ్చే యాత్రికులకు మల్లన్న దగ్గరికి పెద్ద దోవ ఇదే. ఇప్పటికీ రాయచూరు, బళ్లారి వైపు నుంచి, ఇంకా పైన మహారాష్ట్ర నుంచి వేలమంది కాలినడకన వస్తున్నారు. భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచు అనుకుని చీర, పసుపు కుంకుమ మోసుకొచ్చే కన్నడ కుటుంబాలను మా ఊళ్లో ఏ పిల్లవాడైనా గుర్తుపడతాడు. మూడు రాష్ట్రాల జనం వందల ఏళ్లుగా ఆపకుండా నడుస్తున్న దారి జాతీయ స్థాయిది కాకపోతే మరేది అవుతుందో నాకు తెలియదు. కానీ అవునని నేను అన్నంత మాత్రాన సరిపోదు. అందుకే ప్రభుత్వాన్ని అడుగుతున్నది హోదా కాదు, సర్వే. ఈ దారిని జాతీయ చారిత్రక మార్గంగా కాపాడాలా వద్దా అన్నది తేల్చే ఒక అధ్యయనం కావాలి. అది కుర్చీలో కూర్చుని కాకుండా నడిచి చేసింది కావాలి.

నేను సర్వే శాఖలో కొలత గొలుసు పట్టే చెయిన్‌మన్‌గా చేరి డిప్యూటీ సర్వేయర్‌గా రిటైరయ్యాను. ఏ గట్టు తగాదా వచ్చినా మా వాళ్లు ముందు కాగితం అడుగుతారు, తర్వాత గొలుసు వేస్తారు. ఈ దారి విషయంలో ఆ రెండింట్లో ఏదీ జరగడం లేదు. పట్టా పొలాల మధ్య ఉన్నంత దూరం ఇలాంటి బాటలు గ్రామ పటాల్లో జంట చుక్కల గీతలుగా ఉంటాయి. రిజర్వు ఫారెస్టు హద్దు రాయి దగ్గర మా రెవెన్యూ కొలత ఆగిపోతుంది. అవతల అంతా ఒకే బ్లాకు. పటంలో దారి అక్కడితో అయిపోతుంది, మనుషులు మాత్రం నడుస్తూనే ఉంటారు. ఇక పొలాల వైపు పరిస్థితి ఎవరినడిగినా చెబుతారు. దుక్కికి వచ్చిన ప్రతిసారీ అటు ఒక సాలు, ఇటు ఒక సాలు లోపలికి జరుగుతుంది. బండి పట్టే బాట కొన్నేళ్లకు మనిషి పట్టే బాట అవుతుంది. రైతును ఒక్కడినే తప్పుపట్టలేం. హద్దు రాయి కనబడని చోట నాగలి ఎక్కడ ఆగాలో ఎద్దుకెలా తెలుస్తుంది?

రిటైరయ్యాక ఈ సంగతే ఒక కార్యాలయానికి అర్జీ రాసి ఇచ్చాను. 'ఇది మా సెక్షన్‌కు సంబంధించినది కాదు' అని తిరిగొచ్చింది. నాకు కోపం రాలేదు, ఎందుకంటే అది నిజమే. గుడి దేవాదాయ శాఖది, అడవి అటవీ శాఖది. పాత శాసనం ఉంటే పురావస్తు శాఖది, చెంచు గూడెం గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏది. గుడికీ గూడేనికీ మధ్య ఉన్న దారి ఎవరిది?

చరిత్ర ఆధారాలు తక్కువేమీ లేవు. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడని బడి పుస్తకాల్లోనే చదువుకున్నాం. 1393లో విజయనగర రాజు రెండో హరిహరరాయల రాణి విఠలాంబ కృష్ణ ఒడ్డు నుంచి పైకి మెట్లు వేయించింది. అది పాతాళగంగ వైపు దారి. అంటే కొండకు దారి వేయడమే పుణ్యకార్యంగా రాజులు, రాణులు ఒకరి తర్వాత ఒకరు పెట్టుకున్నారు. నాగలూటి దాటాక కాలికింద తగిలే రాతి మెట్లలో ఏ వరస ఏ కాలానిది, ఏది తర్వాత మరమ్మతు చేసింది, ఏది నిన్నమొన్న వేసింది, ఇదంతా రాయిని చూసి చెప్పగలిగిన వాళ్లు మన విశ్వవిద్యాలయాల్లో ఉన్నారు. అధ్యయనంలో మొదటి పని వాళ్లదే.

వాళ్లకు చేతికందే మరో రికార్డు ఉంది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా, అంటే అనువాదకుడిగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీకి బయలుదేరారు. తిరుపతి, కడప, అహోబిలం మీదుగా వచ్చి ఈ దారినే శ్రీశైలం ఎక్కారు. మజిలీ ఎక్కడ చేయాలి, నీళ్లు ఎక్కడ దొరుకుతాయి, దినుసులు అమ్మే అంగడి ఏ ఊళ్లో ఉంది, బాట రాతినేలా ఇసకనేలా అని దారి పొడుగునా రాసుకుంటూ పోయారు. అప్పటి కర్నూలు నవాబు మనుషులు యాత్రికుల దగ్గర పన్ను గుంజుతున్న తీరు కూడా దాచలేదు. ఆ నవాబును 1839లో ఈస్టిండియా కంపెనీవాళ్లు దింపేశారు, పన్ను లెక్క మాత్రం వీరాస్వామయ్య గారి రాతల్లో మిగిలింది. ఒక సర్వేయర్‌గా చెబుతున్నాను, ఆయన గొలుసు వేయలేదన్న మాటే గానీ ఫీల్డు నోట్సు రాయడం ఆయన దగ్గరే నేర్చుకోవాలి. ఆయన మజిలీలను ఇవాళ్టి పటం మీద పెట్టి, దారి ఎక్కడ జరిగింది, ఎక్కడ జరగలేదు అని సరిచూస్తే సగం పని అయినట్టే.

ఇలాంటి అధ్యయనం ఎక్కడైనా జరిగిందా అని అడిగేవాళ్ల కోసం అమెరికా సంగతి చెబుతాను. మా అల్లుడి ఉద్యోగం ఆరెగాన్ రాష్ట్రంలో. మేం వెళ్లినప్పుడు బేకర్ సిటీ దగ్గర ఒక కొండకు తీసుకెళ్లాడు. 19వ శతాబ్దంలో కుటుంబాలు బండ్లు కట్టుకుని పడమటికి వలసపోయిన దారి అటుగా పోతుంది. చూపించినదల్లా నేలమీద బండిచక్రాల గాడి. మా ఆవిడ 'దీనికోసమా ఇంతదూరం?' అంది. నేను మాత్రం చాలాసేపు అక్కడే నిలబడ్డాను. గాడిని గాడిలాగే ఉంచారు. పూడ్చలేదు, పైన గచ్చు వేయలేదు.

ఆ దేశంలో దారులకు 1968లోనే చట్టం చేశారు. చారిత్రక దారులు అనే తరగతిని 1978లో చేర్చారు, ఆరెగాన్ దారి ఆ తొలి జాబితాలోనే ఉంది. ఒక దారికి హోదా ఇవ్వాలంటే ముందు అధ్యయనం చేయాలి. జనం నిజంగా వాడిన దారి అయి ఉండాలి, దాని గీత తెలిసి ఉండాలి. దేశ చరిత్రలో దాని ప్రభావం పెద్దదై ఉండాలి. ఇవాళ్టి జనం చూసి తెలుసుకోవడానికి అక్కడ ఏదో మిగిలి ఉండాలి. ఈ మూడూ ఉన్నాయా అని చూస్తారు. భూమి ఎవరిది, ఖర్చెంత, నిర్వహణ ఎవరు చూస్తారు అన్నవి కూడా ఆ నివేదికలోనే రావాలి. అధ్యయనం చేసిన దారులన్నిటికీ హోదా రాలేదు. కొన్నిటికి వద్దనే తేల్చారు. నాకు అన్నిటికంటే నచ్చింది అదే. వద్దని చెప్పగలిగిన అధ్యయనం అయితేనే అవునన్నప్పుడు దానికి విలువ.

మన దేశంలో దారికి చట్టం లేదు. కట్టడానికి ఉంది. 1958 నాటి కేంద్ర చట్టం ప్రకారం ఢిల్లీ, ఆగ్రా దారుల పక్కన మొగలుల కాలం నాటి కోస్ మినార్లను, అంటే దూరం తెలిపే స్తంభాలను, కేంద్ర పురావస్తు శాఖ కాపాడుతోంది. మినార్లు మిగిలాయి, వాటి మధ్య నడిచిన దారి హైవేల కింద కలిసిపోయింది. గాంధీగారు 1930లో నడిచిన దండి దారిని 2005లో వారసత్వ మార్గంగా ప్రకటించారు. సంతోషమే. కానీ తర్వాత దానికి జాతీయ రహదారి నంబరు ఇచ్చారు. ఆయన నడిచి వెళ్లిన దారిలో ఇప్పుడు లారీలు పోతున్నాయి. ఈ మాటెందుకంటే, 'జాతీయ' అనే మాట మన దగ్గర వినబడగానే వెనకాల తారు డ్రమ్ములు వస్తాయి. శ్రీశైలం దారికి ఆ గతి పట్టేటట్టయితే ఇప్పుడున్న అనాథ బతుకే మేలు.

ఉన్న చట్టాన్నే వాడదామా అంటే అక్కడా చిక్కుంది. జాతీయ ప్రాముఖ్యం గల కట్టడంగా ప్రకటిస్తే 2010 సవరణ ప్రకారం చుట్టూ 100 మీటర్లలో కొత్త నిర్మాణం నిషేధం, ఆ తర్వాత ఇంకో 200 మీటర్లలో అనుమతి ఉంటేనే. అడవిలో దీనికి అభ్యంతరం ఉండదు. వెంకటాపురం పొలాల్లో మాత్రం బోరు దగ్గర మోటారు గది కట్టుకోవాలన్నా రైతు ఢిల్లీ వైపు చూడాలి. ఈ సంగతి ముందే చెప్పకుండా ప్రకటన ఇస్తే, రాత్రికి రాత్రి మెట్ల రాళ్లు మాయమవుతాయి. ఆ రాళ్లు ఎవరింటి అరుగుల్లో తేలతాయో నన్ను అడగొద్దు. కాబట్టి మొత్తం దారిని ఒకే గాటన కట్టకుండా, మెట్లు, మంటపాలు, బావులు నిజంగా మిగిలిన ముక్కలను గట్టిగా కాపాడి, మిగతా దూరం రాళ్లు పాతి గుర్తు పెడితే సరిపోతుందేమో చూడాలి. రాష్ట్రానికి 1960 నాటి సొంత పురావస్తు చట్టం ఉంది. ఏ ముక్కకు ఏ చట్టం అన్నది కూడా ఆ నివేదికే చెప్పాలి.

ఇక పులి. ఆత్మకూరు అటవీ డివిజన్ నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యంలో ఉంది. అటవీ అధికారులతో మాట్లాడితే వాళ్ల భయం ఒక్కటే. ఇప్పుడు ఏటా కొన్ని రోజులు తెరిచి మూసేస్తున్నాం, జాతీయ హోదా వస్తే ఏడాదంతా తెరవమంటారు, ట్రెక్కింగ్ అంటారు, రిసార్టులు అంటారు అని. ఆ భయంలో న్యాయం ఉంది. పండగ అయ్యాక పెచ్చెరువు దగ్గర మిగిలే ప్లాస్టిక్ గ్లాసులు, విస్తళ్లు చూసినవాడెవడూ వాళ్లతో వాదించడు. నా వరకు ఏడాదంతా తెరవాల్సిన పనిలేదు. యాత్ర ఎప్పుడూ పండగ రోజుల్లోనే సాగింది, అలాగే సాగనివ్వండి. రోజుకు ఎంతమందిని వదలొచ్చు, ఏ వేళల్లో వదలొచ్చు అన్నది జంతువుల కదలికలు తెలిసిన వాళ్లు లెక్కకట్టి చెప్పాలి. హోదా అంటే గేటు ఎప్పుడూ తెరిచి ఉంచడం అని ఏ చట్టంలోనూ లేదు.

అసలు సమస్య పులి కాదనిపిస్తుంది నాకు, భక్తి పేరుతో జరిగే మరమ్మతు. మెట్టు కదిలితే దాన్ని తీసి మళ్లీ అదే రాయిని కూర్చోబెట్టే పనివాళ్లు ఉన్నారు, వడ్డెర్లను అడిగితే చేసి పెడతారు. ఆ ఓపిక లేక సిమెంటు పోస్తారు. రెండు వానలకు సిమెంటు చిట్లి రాయి అంచు కూడా ఊడిపోతుంది. దానిపక్కనే దాత పేరు చెక్కిన నల్లరాయి. కొన్నిచోట్ల ఆ పేరున్న అక్షరాలు దేవుడి పేరు కంటే పెద్దవి. బండలమీద పెయింటుతో రాతలు వేరే. ఇక ఏకాంతంగా ఉన్న పాత గుళ్లు, మంటపాలు కనబడితే గుప్తనిధుల ముఠాలు గునపాలతో దిగుతాయి. నల్లమలలో ఈ బెడద మీ పత్రికే ఎన్నోసార్లు రాసింది. ఎక్కడ ఏముందో రికార్డు లేనప్పుడు పోయిందని కేసు పెట్టడం ఎలా? ముందు ఫొటో, కొలత, నంబరు ఉండాలి.

చెంచుల మాట చివర్లో చెబుతున్నాను గానీ, నివేదికలో అది ముందుండాలి. రాజులు మెట్లు కట్టించక ముందు నుంచీ ఆ దోవ వాళ్లకు తెలుసు. మల్లన్నను చెంచు మల్లయ్య అని, తమ ఇంటి అల్లుడని వాళ్లు చెప్పుకుంటారు. పెచ్చెరువులో గూడెం ఉంది. దారి తప్పిన యాత్రికుణ్ణి తెచ్చి దారిలో పెట్టేది వాళ్లే, వేసవిలో ఏ వాగు మడుగులో నీళ్లున్నాయో చెప్పేదీ వాళ్లే. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం గూడెంలో గ్రామసభ పెట్టి వాళ్ల అభిప్రాయం తీసుకోవాలి. అదీ సంతకాల కోసం కాదు. దారి ఎక్కడెక్కడ ఉందో చూపించమని అడగడానికి, కాపలా, మరమ్మతు, నీళ్ల ఏర్పాటు జీతమిచ్చి వాళ్లకే అప్పగించవచ్చా అని అడగడానికి. దారికి హోదా ఇచ్చి, ఆ సాకుతో గూడేన్ని లేపేసే ఆలోచన ఎవరికైనా ఉంటే, ఈ ఉత్తరం నేను వెనక్కి తీసుకుంటున్నాను.

సర్వే ఎలా చేయాలో నాకు తెలిసిన నాలుగు మాటలు. భూముల రీసర్వే కోసం తెచ్చిన రోవర్లు (ఉపగ్రహాల సాయంతో కొలిచే పరికరాలు) జిల్లాలో ఉన్నాయి కదా, వారంలో అయిపోతుంది అని ఎవరైనా కుర్ర ఇంజనీరు అంటే నమ్మొద్దు. దట్టమైన చెట్ల కింద రోవర్‌కు ఉపగ్రహాలు సరిగా దొరకవు. కచ్చితమైన కొలత 'ఫిక్స్' రాకుండా ఉజ్జాయింపు కొలత 'ఫ్లోట్' దగ్గరే ఊగుతుంటుంది. భీమునికొలను లాంటి లోయలో ఆకాశమే సగం కనబడదు. అక్కడ కోణం, దూరం కొలిచే టోటల్ స్టేషన్ పెట్టాలి, అది కుదరని మలుపుల్లో టేపు, కంపాసే గతి. వానాకాలం తర్వాత వెళ్తే మనిషెత్తు బోదగడ్డి, మెట్టు కనబడదు. ఆకు రాలాక వెళ్లాలి. శివరాత్రికీ ఉగాదికీ మధ్య రోజులు దీనికి బాగుంటాయి. చూపు దూరం సాగుతుంది, జనం తొక్కిన గీత కూడా తాజాగా ఉంటుంది. పాత మెట్ల గీత, ఇప్పుడు నడుస్తున్న గీత రెండూ వేరువేరుగా కొలవాలి. చాలాచోట్ల అవి ఒకటి కావు. రెండింటినీ కలిపేసి ఒక ఎర్రగీత గీసి పటం ఇచ్చేస్తే తర్వాత వచ్చేవాళ్లు తప్పు గీతమీద రాళ్లు పాతుతారు.

పని అంతా ఒక్క ఆత్మకూరు వైపుతో ముగిసేది కాదు. శ్రీశైలానికి తూర్పు ద్వారం త్రిపురాంతకం, దక్షిణం సిద్ధవటం, పడమర అలంపురం, ఉత్తరం ఉమామహేశ్వరం అంటారు. ఉత్తరాన కృష్ణ దాటితే తెలంగాణ, అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. ఆ వైపు దారుల సంగతి అక్కడి పాఠకులు రాయాలి. రెండు రాష్ట్రాలూ కలిసి కేంద్రాన్ని అడిగితే బలం ఉంటుంది. కానీ రెండు రాష్ట్రాలు కలిసేదాకా ఆగితే ఎప్పటికవుతుందో మనకు తెలియనిది కాదు. ఆత్మకూరు దారి ఇప్పటికీ నడుస్తున్న దారి, కాబట్టి దీనితో మొదలుపెట్టమంటున్నాను.

శివరాత్రి ఏర్పాట్ల సమీక్ష జిల్లాలో ఎలాగూ జరుగుతుంది. అటవీ, దేవాదాయ, రెవెన్యూ, ఐటీడీఏ అధికారులంతా ఒకే బల్ల దగ్గర కూర్చునేది ఏడాదిలో ఆ ఒక్కరోజే. ఈసారి ట్యాంకర్ల లెక్క అయ్యాక అజెండాలో ఇంకొక్క అంశం పెట్టమని కలెక్టరు గారికి మీ పత్రిక ద్వారా మనవి: దారి సర్వేకు ఏ శాఖ ముందుంటుంది, ఎప్పుడు మొదలుపెడుతుంది. చెయిన్ పట్టుకోవడానికి మనుషులు తక్కువైతే ఆత్మకూరు, నంద్యాలల్లో నాలాంటి రిటైరైన సర్వేయర్లు చాలామందే ఉన్నారు. మోకాళ్ల నొప్పులు ఉన్నవాళ్లను పొలాల వైపు వేయండి, మిగతావాళ్లం నాగలూటి పైకి వస్తాం.

పేరు ప్రచురించవద్దని మనవి.

— విశ్రాంత డిప్యూటీ సర్వేయర్,
ఆత్మకూరు, నంద్యాల జిల్లా